గ్లూమక్క

"గ్లూమ్! నాకు గ్లూమ్ కావాలి!" అని డైరెక్టరుగారు స్టేజీ మీంచి కేకేశారు.

హాలు వెనకాల, ఇనప మెట్లెక్కి వెళ్ళే చిన్న గదిలో, బోర్డు ముందు కూర్చున్న లైట్లక్క రెండు చేతులూ మీటల మీద పెట్టింది. నూలు తొడుగుల్లో ఉన్న ఆ వేళ్ళు మీటల్ని ఒక్కసారిగా కిందికి లాగవు. ముందు వెనకవైపు దీపాలు తగ్గుతాయి, తర్వాత పక్కవి, ఆఖరికి ముందువి. ఎక్కడ వెలుతురు ఆగి ఎక్కడ చీకటి మొదలయిందో చూసేవాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే అది స్విచ్ కట్టెయ్యడమే అవుతుంది, పని అవ్వదని ఆమె లెక్క. అలా స్టేజీ అంతా మునిమాపు వేళకి తెచ్చి, కుర్చీ దగ్గర మాత్రం కాస్త నీలం మిగిల్చి చేతులు తీసేసింది. బాగా కుదిరిందనుకుంది.

"ఎవరు ఆర్పారు? ఎవరక్కడ?"

"నేనే సార్. గ్లూమ్ అన్నారుగా!" అంది కిటికీలోంచి తల బయటపెట్టి.

"గ్లూమ్ అంటే ఏంటమ్మా?"

"చీకటి కదా సార్. మబ్బు కమ్మినట్టు..."

డైరెక్టరుగారు నవ్వారు. ఆయన నవ్వితే మిగతావాళ్ళు నవ్వచ్చని అర్థం. నవ్వారు. తెర లాగే తెరమావయ్యయితే తాడు వదిలేసి మరీ నవ్వాడు. అందులో నవ్వడానికేముందో వాళ్ళకే తెలియాలి.

"గ్లూమ్ అంటే చీకటి కాదమ్మా. దిగులు! ది-గు-లు! అది మనిషి మొహంలో ఉంటుంది, నీ మీటల్లో ఉండదు. నడినెత్తిన ఎండలో నిలబడ్డవాడి మొహంలో కూడా ఉంటుంది గ్లూమ్. నీకేం తెలుస్తుందిలే! నీకు తెలిసిందల్లా వెయ్యడం, ఆర్పడం." అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. ఊరుకోలేదు. అందరివైపూ తిరిగి, "ఈ రెండు షోలూ ఎలాగో లాగించేద్దాం. వచ్చేవారం నుంచి కంప్యూటర్ మీద చేసే ఆపరేటర్ వస్తున్నాడు. సెక్రటరీగారితో మాట్లాడేశాను. ఇంగ్లీషు మాట చెప్తే అర్థమయ్యేవాడు" అన్నారు.

అలా తెలిసింది ఆమెకి, తన కుర్చీ పోయిందని. పక్కకి పిలిచి చెప్పలేదు. కాఫీలు పంచే మనిషి కూడా వింటుండగా, స్టేజీ మీంచి చెప్పారు. లైట్లక్కకి తల కొట్టేసినట్టయింది. తలని మళ్ళీ కిటికీ లోపలికి లాక్కుని, చేతి తొడుగులు తీసి, మళ్ళీ తొడుక్కుంది.

ఈ డైరెక్టరుగారు ఈ హాల్లోకి మొదట వచ్చింది కుర్చీలు వెయ్యడానికి. అప్పుడు ఆమెని "అక్కా" అనేవారు. వేషాలు మొదలయ్యాక "ఏమ్మా" అయింది. ఇప్పుడు డైరెక్టరూ, ముఖ్యపాత్రా ఆయనే కాబట్టి "లైట్స్!" అంటున్నారు, మనిషిని కాకుండా బల్బుని పిలిచినట్టు.

సాయంత్రం మెట్లు దిగుతుంటే తెరమావయ్య ఎదురొచ్చాడు. "ఏం గ్లూమక్కా, ఇంటికేనా?" అన్నాడు. ఆ పేరు అప్పుడే పుట్టింది. తలుపు దాటేలోపే మేకప్ మనిషి నోట్లోకి కూడా వచ్చేసింది.

ఇంట్లో తోడికోడలు మిషన్ ముందు కూర్చుని జడ్జిగారి నల్లగౌను కుడుతోంది. నాటకాల బట్టలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తాయి. ఈ నాటకంలో డైరెక్టరుగారు వేసేది జడ్జి వేషం. తల్లిలా పెంచిన అక్కని ఆస్తి కోసం ఇంట్లోంచి గెంటేస్తాడు. ఆమె ఎక్కడో దిక్కులేకుండా చచ్చిపోతుంది. చివరి రంగంలో ఖాళీ ఇంట్లో ఒక్కడే కూర్చుని ఆమెని తలుచుకుని ఏడుస్తాడు. ఆ ఏడుపు కోసమే డైరెక్టరుగారు నాటకం మొత్తం రాయించుకున్నారని తోడికోడలి అభిప్రాయం.

"పొట్ట దగ్గర మళ్ళీ వదులు చెయ్యమన్నాడమ్మా మహానుభావుడు. పశ్చాత్తాపంతో కుంగిపోయినవాడికి అంత పొట్ట ఎక్కడిది?" అంటూ తలెత్తింది. "ఏంటక్కా, మొహం అలా ఉంది?"

చెప్పింది లైట్లక్క. చెప్తున్నంతసేపూ గొంతు మామూలుగానే ఉంది. "అందరూ నవ్వారే" అన్న దగ్గర మాత్రం ఆగిపోయింది. తోడికోడలు పళ్ళ మధ్యనున్న గుండుసూది తీసి గౌను భుజంలో గట్టిగా గుచ్చింది.

"వాడి నోరు పడిపోను! ఇలా రావే, ఆ మాటకి అర్థమేంటో చూసి చెప్పు" అని కూతుర్ని కేకేసింది.

కాలేజీలో చదివే ఆ పిల్ల ఫోన్‌లో డిక్షనరీ తీసింది. "గ్లూమ్. మొదటి అర్థం, చీకటి, మసక. రెండో అర్థం, దిగులు, నిరాశ."

"మొదటిది ఏంటన్నావ్?" అంది లైట్లక్క.

"చీకటి, పెద్దమ్మా."

"మళ్ళీ చదువు."

"చీకటి. ఎలా వాడాలో కూడా ఉంది. అడవిలో గ్లూమ్ కమ్ముకుంది అంటే చీకటి. ఇంట్లో వాళ్ళందరినీ గ్లూమ్ కమ్ముకుంది అంటే దిగులు. రెండింటికీ అదే మాట. ఎక్కడ వాడామన్న దాన్ని బట్టి ఉంటుంది."

"మరింకేం! దీపాల మనిషితో గ్లూమ్ అంటే చీకటి కాక ఇంకేంటి? దర్జీదాన్ని పట్టుకుని కుట్టు అంటే, తేలులా కుడతానా?" అంది తోడికోడలు.

లైట్లక్క నవ్వలేదు. తప్పు తనది కాదని తెలిశాక చల్లారాల్సిన మంట ఇంకా పైకి లేచింది. తప్పుచేసి తిట్లు తింటే ఎలాగో దిగమింగుకోవచ్చు. ఒప్పయిన పనికి పదిమందిలో నవ్వులపాలైతే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలి?

మర్నాడు రిహార్సల్ మొదలవకముందే స్టేజీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. "సార్, డిక్షనరీలో గ్లూమ్‌కి మొదటి అర్థం చీకటి అనే ఉంది."

డైరెక్టరుగారు మేకప్ అద్దంలోంచే చూశారు. "రాత్రంతా అదే చూశావా? అయ్యో పాపం! డిక్షనరీలు చూసి నాటకాలు వెయ్యరమ్మా. వెళ్ళు, వెళ్ళి పైన కూర్చో" అన్నారు. మళ్ళీ నవ్వులు. తెరమావయ్య దగ్గొచ్చేదాకా నవ్వాడు.

పైకి వెళ్తే గది తలుపు తెరిచే ఉంది. ఆ కొత్త ఆపరేటరే కాబోలు, గడ్డం ఉన్న మనిషొకడు, ముప్పై దాటినట్టున్నాడు, బోర్డు పక్కన కంప్యూటర్ పెట్టి వైర్లు కలుపుతున్నాడు. ఆమె చెక్క కుర్చీ తలుపు బయట ఉంది. పాత తెరముక్కలతో ఆమె కుట్టుకున్న మెత్త జారి నేల మీద పడి ఉంది. దాని మీద ఎవరిదో చెప్పు గుర్తు కూడా ఉంది.

"సారీ మేడమ్, లోపల చోటు చాల్లేదు" అన్నాడు గడ్డమతను. మర్యాదస్తుడే. "మీరు షోలో ఏం చేస్తే అది ఈ కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. రేపటిది వదిలేసి, ఎల్లుండి రెండో షో రికార్డ్ చేస్తాను. తర్వాత మనిషి అక్కర్లేదు. ఒక్క బటన్ నొక్కితే అన్నీ మీరు చేసినట్టే పైకీ కిందికీ వెళ్తాయి."

"నేను చేసినట్టే?"

"తేడా ఉండదు మేడమ్."

మెత్త దులిపి కుర్చీలో వేసి, కుర్చీని లోపలికి లాక్కుంది. "ఇంకా రెండు షోలు ఉన్నాయి బాబూ. అప్పటిదాకా ఇది ఇక్కడే ఉంటుంది" అంది. అతను జరిగి చోటిచ్చాడు.

ఆ రోజు రిహార్సల్లో ఏది అడిగితే అది ఇచ్చింది. కింద వాళ్ళు దారికొచ్చిందనుకున్నారు. ఆమె మాత్రం చివరి రంగంలో డైరెక్టరుగారు ఎక్కడెక్కడ నిలబడతారో చూసుకుంటూ కూర్చుంది. కుర్చీ దగ్గర మొదలుపెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ కుర్చీకి వచ్చి, అక్కడ మోకాళ్ళ మీద కూలబడతారు. ఎటు తిరిగినా మొహానికి వెలుతురు తగిలేలా అడుగులు వేస్తారు. వెలుతురు లేకపోతే ఆయన ఎలా ఏడుస్తారో చూడాలనిపించింది ఆమెకి. ఆ కోరిక పుట్టాక అన్నం సహించింది.

మొదటి షో రోజు హాలు మూడొంతులు నిండింది. సెక్రటరీగారు ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. నాటకం ఎక్కడా ఆగకుండా నడిచింది. చివరి రంగం వచ్చింది. ఖాళీ ఇల్లు. ఒక కుర్చీ, ఒక ముక్కాలి పీట, అట్టతో చేసిన కిటికీ. జడ్జిగారు నల్లగౌనులో వచ్చి కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"ఈ చేతులతోనే... ఈ చేతులతోనే తలుపు వేశాను" అని మొదలుపెట్టి, చేతులు చూసుకున్నారు.

లైట్లక్క మీటలు కిందికి దించసాగింది. నెమ్మదిగా, ఎప్పటిలాగే పద్ధతిగా. ముందు చేతులు కనపడకుండా పోయాయి. తర్వాత మొహం పోయింది. "ఇదిగో తీసుకో గ్లూమ్! మొదటి అర్థం!" అనుకుంది పళ్ళు బిగబట్టి.

జడ్జిగారు చీకట్లోనే రెండు మాటలు చెప్పారు. మూడోది తడబడింది. మొహం ఆడుతుంటే గొంతు దాని వెంట పోతుంది, అంతే ఆయన నటన. ఇప్పుడు మొహం లేదు. హాల్లో ఎవరో దగ్గారు. ఆయన కిటికీ దగ్గరున్న కాస్త వెలుతురులోకి నడిచారు. అక్కడికి చేరేసరికి అది ఆరిపోయింది. తలుపు దగ్గర సన్నగా వెలిగింది. అటు తిరిగి గబగబా వెళ్ళారు. పీట మోకాటికి తగిలిన చప్పుడు పై గదిదాకా వినపడింది. తలుపు దగ్గరిది కూడా పోయింది.

గడ్డమతను ఆమె చేతులవైపు చూశాడు. ఇన్నేళ్ళలో వాటికి అంత హాయి ఎప్పుడూ దొరకలేదు. కింద, నల్లటి స్టేజీ మీద, పెద్ద నటుడొకడు గోడ తడుముకుంటున్నాడు. ఆ తడుములాటని వింటూ ఇంకా చాలాసేపు కూర్చోగలదు ఆమె.

అప్పుడు చీకట్లోంచి గొంతు వచ్చింది. నాటకంలో గొంతు కాదు. పాతది, కుర్చీలు వేసే రోజులది.

"అక్కా... లైటు."

ఆమె కదల్లేదు. మళ్ళీ అడుగు, అనుకుంది.

"అక్కా! లైటు వెయ్యక్కా!"

కసి తీరా ఆ మాటని చెవిలోకి దిగనిచ్చి, అప్పుడు ఒకే ఒక్క మీటని వేలెడంత పైకి తోసింది. నేల మీద చతికిలబడి, మోకాలు పట్టుకుని, పైకి చూస్తున్న మనిషి మీద సన్నటి వెలుతురు పడింది. తెర పడాల్సిన చోటు అదే. పడింది.

తర్వాత పైకప్పు లేచిపోయేటట్టు చప్పట్లు. లైట్లక్కకి ఏమీ అర్థంకాలేదు. కిటికీలోంచి వంగి చూస్తే ముందు వరసలో సెక్రటరీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. తెరమావయ్య తాడు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అప్పుడు తెలిసింది. వీళ్ళందరూ, జడ్జి చచ్చిపోయిన అక్కని పిలిచాడనుకున్నారు!

మెట్లు దిగి మేకప్ గది దగ్గరికి వెళ్ళేసరికి లోపల జనం. పేపరు విలేకరి ఒకడు పుస్తకంలో రాసుకుంటున్నాడు. డైరెక్టరుగారు మోకాటికి మంచుగడ్డ పెట్టుకుని చెప్తున్నారు.

"గ్లూమ్ అనే మాటకి రెండు అర్థాలండీ. చీకటి ఒకటి, దిగులు ఒకటి. ఆ రెంటినీ ఒకేచోట పట్టుకోవాలన్నది మొదట్నుంచీ నా ఆలోచన. డిక్షనరీలో మొదటి అర్థం చీకటే అన్న సంగతి మన నాటకాలవాళ్ళు మర్చిపోయారు."

తలుపు దగ్గర నిలబడ్డ లైట్లక్క ఒళ్ళంతా భగ్గుమంది. తన మాటే! నిన్న తను చెప్పి నవ్వించుకున్న మాటే! నోరు తెరిచేలోపు సెక్రటరీగారు అడ్డొచ్చి, "మీరు కూడా బాగానే ఆర్పారమ్మా" అని వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక డైరెక్టరుగారు ఆమెని దగ్గరికి రమ్మని వేలితో పిలిచారు.

"ఎందుకు చేశావో నాకు తెలుసులే. నా పరువు తీద్దామని చేశావు. పోనీలే, పనికొచ్చింది. రేపు కూడా అచ్చం అలాగే చెయ్యి. చీకటి ఇంకాస్త ఎక్కువసేపు ఉంచు, నేను మూడుసార్లు పిలుస్తాను. రేపు అతను రికార్డ్ చేసేసుకుంటే ఇక నీతో పనిలేదు."

"పీట కూడా తన్నుకుంటారా సార్?" అంది.

ఆయనకి వెటకారం తెలియలేదు. "తన్నుకుంటాను. బాగా పండింది" అన్నారు.

ఇంటికొచ్చి తోడికోడలి ముందు ఏడ్చింది. అవమానించినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. "నేను వాణ్ణి బతిమాలించానే! నిజంగా బతిమాలాడు! దాన్ని కూడా ఎత్తుకుపోయాడు. రేపట్నుంచి ప్రతి షోలో అక్కా అక్కా అని దొంగగొంతుతో అరిచి చప్పట్లు కొట్టించుకుంటాడు. నా కసి వాడికి పెద్ద సీనయి కూర్చుంది."

"రేపు వెళ్ళకు. మానెయ్" అంది తోడికోడలు.

"మానేస్తే అతనెవడో ఆర్పుతాడు. ఆర్పడం ఎంతసేపు?" అంది. మిషన్ మీద పడుతున్న బల్బు వెలుతురులో, తలొంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తున్న తోడికోడలి మొహం కనపడుతోంది. చెంప మీది మచ్చ, కళ్ళ కింద ఉబ్బు, అన్నీ కనపడుతున్నాయి. లైట్లక్క చూస్తూ చూస్తూ కన్నీళ్ళు తుడిచేసుకుంది. "నడినెత్తిన ఎండలో అన్నాడే వాడు" అంది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. అన్నం పెట్టు."

రెండో రోజు మధ్యాహ్నమే హాలుకి వెళ్ళింది. నిచ్చెన వేసుకుని, చివరి రంగానికని వేరుగా పెట్టిన దీపాల దగ్గరికి ఎక్కింది. ఒక్కో దీపం ముందున్న నీలం కాగితం ఊడదీసి, అద్దాన్ని గుడ్డతో తుడిచింది. దీపాల్ని కుర్చీకీ, కిటికీకీ, తలుపుకీ గురిపెట్టి మరలు బిగించింది. కింద నిచ్చెన పట్టుకున్న తెరమావయ్య, "ఏం గ్లూమక్కా, ఇవాళ దులుపుడు కార్యక్రమమా?" అన్నాడు.

"అవును మావయ్యా. దులిపేద్దామని" అంది.

సాయంత్రానికి హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. పేపర్లో పడింది మరి. చీకటి సీను కోసమే వచ్చినవాళ్ళు జేబురుమాళ్ళు తీసి పెట్టుకుని కూర్చున్నారు. పై గదిలో గడ్డమతను ఒక బటన్ నొక్కి, "మొదలైంది మేడమ్, ఇక అంతా రికార్డవుతుంది" అన్నాడు. ఆమె తొడుగులు వేసుకుంది. ముందు రంగాలన్నీ వంక పెట్టడానికి వీల్లేకుండా చేసింది.

చివరి రంగం. జడ్జిగారు కూర్చున్నారు. "ఈ చేతులతోనే తలుపు వేశాను" అన్నారు. కళ్ళు మూసుకుని, చెయ్యి ముందుకి చాపి, చీకటి కోసం ఎదురుచూశారు.

లైట్లక్క రెండు మోచేతులూ బోర్డు మీద ఆనించి, మీటలన్నింటినీ పైదాకా తోసేసింది.

తెల్లటి వెలుతురు విరుచుకుపడింది. నీలం లేదు, నీడ లేదు. కిటికీ అట్టదని తెలిసిపోయింది. నేల మీద సుద్దతో గీసిన గుర్తులు, గౌను కింద పొట్ట, చెమటకి ఊడుతున్న మీసం అంచు, అన్నీ కనపడ్డాయి. ఆయన కళ్ళు తెరిచారు. సిద్ధం చేసుకున్న మాట నోట్లోంచి వచ్చేసింది.

"అక్కా... లైటు."

ఎక్కడో ఒక నవ్వు పేలింది. దాని వెనక ఇంకొకటి. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. అక్కడా అదే వెలుతురు. తలుపు దగ్గరికి వెళ్ళారు. అక్కడా అంతే. పీట ఎదురుగా కనపడుతుంటే దాన్ని తన్నుకోవడం ఎలాగో ఆయనకి తోచలేదు. తర్వాతి మాట ఏంటో కూడా తోచలేదు. పై గది కిటికీవైపు చెయ్యి అడ్డుపెట్టుకుని చూశారు.

"అక్కా..." అన్నారు. "అక్కా, ఆర్పెయ్యక్కా."

గడ్డమతను గాభరా పడ్డాడు. "మేడమ్, ఇది కూడా రికార్డ్ చెయ్యనా?"

"చెయ్యి బాబూ. ఒక్క మీట కూడా మార్చకు" అంది.

తొడుగులు తీసి బోర్డు మీద పెట్టింది. మెత్త చంకలో పెట్టుకుంది. మీటలన్నీ పైనే ఉన్నాయి. మెట్లు దిగి హాలు వెనక తలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది. తెరమావయ్య తెర వెయ్యాలో వద్దో తెలియక తాడు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి. స్టేజీ మధ్యలో జడ్జిగారు చేతులు వేలాడేసి నిలబడ్డారు. ఎటూ తిరగడం లేదు. మొహంతో ఏదీ చేయించడం లేదు.

ఆఖరి వరసలో కూర్చున్న ఒకావిడ పక్కనున్న మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"అయ్యో, ఆ మొహం చూడండి," అంది మెల్లగా, "ఎంత దిగులో!"

లైట్లక్క అది విని, తలుపు తోసుకుని బయటికి వెళ్ళింది.